కేసెట్లో ఊఁ కొట్టినావిడ

ఆ శుక్రవారం పొద్దున లీలాకుమారి వేసుకున్న పథకం డికాక్షన్ దిగేలోపు పూర్తయిపోయేంత చిన్నది. భర్తకి టిఫిన్ క్యారియర్ ఇచ్చేటప్పుడు దాంతో పాటు ఒక కేసెట్ కూడా చేతిలో పెట్టాలి. ఆయన పనిచేసే డబ్బింగ్ థియేటర్లో దానికో కాపీ తీయించుకురమ్మనాలి. అంతే. తర్వాత వంకాయలు తరగాలి, నీళ్ళ ట్యాంకర్ వస్తే గొడవపడాలి. ఫిల్మ్‌నగర్ గుట్ట మీద కాపురం ఉండేవాళ్ళకి ఈ రెండోది పథకం కాదు, దినచర్య.

కేసెట్ లీల తల్లి జగదాంబగారిది. అందులో ఉన్న గొంతు లీల తండ్రి సుబ్బరామయ్యగారిది. తెనాలిలో కో-ఆపరేటివ్ బ్యాంకు ఉద్యోగం చేసిన ఆయనకి, జీతమిచ్చిన పని కంటే కథలు చెప్పే పనిలోనే పేరెక్కువ వచ్చింది. ఎనభై నాలుగులో అల్లుడు కొత్త టేప్ రికార్డర్ కొని పట్టుకెళ్తే, దాని ముందు మఠం వేసుకుని కూర్చుని తన పెళ్ళి కథ చెప్పారు. పెళ్ళివారి పడవ కాలవ బురదలో దిగబడిపోవడం, బావమరిది నీళ్ళలో పడిపోవడం, పెళ్ళికొడుకు తనే దిగి పడవ తోసి, ఆ బురద కాళ్ళతోనే పీటల మీదికి చేరడం. ఆ కథ ఆయన ఎన్నిసార్లు చెప్పినా జగదాంబగారు పక్కన కూర్చుని, అదే మొదటిసారి వింటున్నట్టు ఊఁ కొట్టేవారు. ఊఁ కొట్టే మనిషి లేకపోతే ఆయన కథ ఆ బురదలోనే ఆగిపోయేది.

ఆయన పోయాక జగదాంబగారు కూతురి దగ్గరికి వచ్చేశారు. ఏటా మాఘమాసంలో తన పెళ్ళిరోజున, సాయంత్రం పూట, ఆ కేసెట్ పెట్టించుకుని వినడం ఒక్కటే ఆవిడ కోరే కోరిక. కానీ కేసెట్‌కి వయసు మీద పడింది. మొదట్లో చిరుజల్లులా వినిపించే రొద ఇప్పుడు జోరువాన అయింది. పోయినేడు టేపు చిక్కుపడితే, పెన్సిల్ దూర్చి తిప్పి తిప్పి దాన్ని బతికించారు. మళ్ళీ పెళ్ళిరోజు వచ్చే మంగళవారమే.

లీల భర్త సూర్యప్రకాశరావు సౌండ్ ఇంజనీరు. మద్రాసు నుంచి సినిమావాళ్ళతో పాటు కదిలివచ్చినవాడు. రోజంతా హీరోల అరుపులూ విలన్ల నవ్వులూ చెవుల్లో పోసుకునే మనిషి కాబట్టి, ఇంట్లో ఆయన వాడే మాటలు రెండే: ఊఁ, ఊహూఁ. ఈ రెంటితోనే ఆయన ఒక కూతురికి పేరు పెట్టాడు, ఫ్రిజ్ కొన్నాడు, అత్తగారిని ఇంటికి ఆహ్వానించాడు. అయితే ఆ తొంభై ఏడు సంక్రాంతి వెళ్ళగానే థియేటర్‌కి డిజిటల్ యంత్రం ఒకటి వచ్చింది. అప్పటినుంచీ దాని మాట ఎత్తితే చాలు, ఆయనకి వాక్యాలు వస్తున్నాయి.

"ఒట్టి కాపీ దండగ లీలా. అనలాగ్ నుంచి అనలాగ్‌కి తీస్తే ఆ రొదంతా దాంతోనే వస్తుంది, పైగా తీసినప్పుడల్లా ఇంకాస్త కలుస్తుంది. దీన్ని డిజిటల్ చేసేస్తా."

"చేస్తే ఏమవుతుంది నాయనా?" అన్నారు జగదాంబగారు కత్తిపీట ముందు నుంచి.

ఆయన నోరు తెరిచేలోపు లీల అందుకుంది. గుంటూరులో చదివిన బీయస్సీ ఫిజిక్సు ఎప్పుడో గానీ పనికిరాదు మరి. "గ్యాస్ పొయ్యి మర ఉందా అమ్మా? చిన్న సెగ నుంచి పెద్ద మంట దాకా ఎక్కడ కావాలంటే అక్కడ ఆగుతుంది. అది అనలాగ్. గొంతు ఎలా లేచి దిగితే టేపు మీద కూడా అచ్చం అలాగే లేచి దిగుతుంది. డిజిటల్ అంటే లైటు స్విచ్చి. వెలిగిందా, ఆరిందా, అంతే, మధ్యస్తం లేదు. గొంతుని సెకనుకి వేలసార్లు కొలిచి, ఆ కొలతల్ని ఒకట్లూ సున్నాలూ చేసి దాస్తుంది. అంకెలు కదా, ఎన్ని కాపీలు తీసినా అరగవు."

"సెకనుకి వేలసార్లు కొలుస్తుందా?"

"ఆఁ."

"అన్నిసార్లు కొలిచేదాన్ని ఎలా నమ్మడమే? మన పాలవాడు ఒక్కసారి కొలుస్తాడు, దానికే నేను పక్కన నిలబడాల్సి వస్తోంది."

"అది కాదు అత్తయ్యగారూ," అన్నాడు సూర్యప్రకాశరావు, కుర్చీలో ముందుకి జరిగి. "ఆ వాన చప్పుడంతా తీసేయొచ్చు. మామయ్యగారు ఈ గదిలో కూర్చుని మాట్లాడుతున్నట్టుంటుంది."

కత్తిపీట మీద వంకాయ ఆగిపోయింది. "ఈ గదిలోనా?" అన్నారావిడ. చేతులు కడుక్కుని, పెట్టెలోంచి కేసెట్ తీసి, దానిమీద ఆయన దస్తూరీతో 'మా పెళ్ళి పడవ' అని రాసి ఉన్న చీటీని కొంగుతో తుడిచి, ఒక జేబురుమాలులో చుట్టి అల్లుడి చేతికిచ్చారు. మందుల షాపుకి పసిపిల్లని పంపుతున్నట్టు, గుమ్మం దాకా వెళ్ళి స్కూటర్ మలుపు తిరిగేదాకా చూశారు.

మర్నాడు సాయంత్రం, జగదాంబగారు పక్కింటి పుష్పవల్లితో పెద్దమ్మ గుడికి వెళ్ళిన సమయం చూసి, సూర్యప్రకాశరావు కేసెట్ పెట్టాడు. పెట్టి, ప్రసాదం పంచే పూజారిలా నిలబడ్డాడు.

నిజంగానే వాన వెలిసింది. సుబ్బరామయ్యగారి గొంతు సోఫాలోంచి వస్తున్నట్టే ఉంది. లీలకి కళ్ళు చెమర్చాయి.

"పడవ దుగ్గిరాల లాకులు దాటిందో లేదో..." అన్నారాయన. ఆగారు. నిశ్శబ్దం. "పడవవాడు గెడ వేశాడు. గెడ దిగింది గానీ పైకి రాదే!" అన్నారు. ఆగారు. నిశ్శబ్దం. అవతలివాళ్ళు ఎప్పుడో ఫోన్ పెట్టేశారని తెలియక మాట్లాడుతూ పోతున్న మనిషిలా ఉంది.

"ఏవండీ, అమ్మ ఏదీ?"

"గుడికెళ్ళారుగా."

"కేసెట్లో అమ్మండీ! అమ్మ ఊఁలు ఏవి?"

సూర్యప్రకాశరావు మొహంలో లైటు ఆరింది. మధ్యస్తం లేకుండా. "ఆవిడ మైకుకి దూరంగా కూర్చున్నారు. రొద ఎంత ఎత్తుందో ఆవిడ ఊఁ కూడా అంతే ఎత్తు. ఆ ఎత్తుకి కింద ఏది వచ్చినా తలుపు మూసెయ్యమని యంత్రానికి చెప్పా."

"అది మా అమ్మ అని చెప్పలేదా?"

"ఊహూఁ."

"సరే, పాత కేసెట్ ఇటివ్వండి."

ఆయన టేప్ రికార్డర్ వంక చూశాడు. "ఇదే. అత్తయ్యగారికి ఈ కేసెట్ అంటేనే ప్రాణం కదా, పైన మామయ్యగారి దస్తూరీ ఉంది. అందుకని శుభ్రం చేసింది దీని మీదే ఎక్కించా."

"యంత్రంలో మొదటిది ఉంటుందిగా?"

"తీసేశా. డిస్కులో చోటు చాలదు. సోమవారం నుంచి పెద్ద హీరో సినిమా."

లీలకి ఏడుపు రాలేదు. ఏడిస్తే సరిపోయే విషయంలా అనిపించలేదు. పడవ దిగబడితే భయం భయంగా ఒక ఊఁ, తమ్ముడు నీళ్ళలో పడితే నవ్వు ఆపుకుంటూ ఒక ఊఁ, ముహూర్తం దాటిపోతోందంటే ఊపిరి బిగబట్టి సగం ఊఁ. ఎక్కడ కావాలంటే అక్కడ ఆగే ఊఁలు. అందులో అంకెల తప్పేమీ లేదు, పాపం అవి చెప్పింది చేశాయి. ఏది గొంతో ఏది రొదో తేల్చింది తన మొగుడు. ఏటా పక్కనే కూర్చుని, ఆ ఊఁలని గుమ్మం బయట ఆటోల చప్పుడు విన్నట్టు విన్నది తను.

"అమ్మకి చెప్పేద్దాం," అంది.

"మంగళవారం అయ్యాక," అన్నాడాయన. అనర్థాలన్నీ ఇలాంటి వాయిదాలతోనే మొదలవుతాయి.

ఆదివారం లీల తనే థియేటర్‌కి వెళ్ళింది. కూతురి గొంతు తల్లి గొంతులాగే ఉంటుందని, ఆ ఊఁలేవో తనే కొట్టేస్తానని. మైకు ముందు నిలబడి, చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, తండ్రి ఆగినచోటల్లా ఊఁ అంది. ఇంటర్వ్యూలో తండ్రి పేరు అడిగితే చెబుతున్నట్టు వచ్చింది. మళ్ళీ అంది. పంటినొప్పిలా వచ్చింది. ఇంకోసారి అనబోతే నవ్వొచ్చింది, ఆ నవ్వు వెనకాలే ఏడుపొచ్చింది.

అంతలో తలుపు తోసుకుని థియేటర్ మేనేజరు వెంకటనర్సయ్య వచ్చాడు. బోరబండ మనిషి. ప్రొడ్యూసర్లకీ సౌండు మనుషులకీ మధ్య నలగడమే ఆయన ఉద్యోగం.

"ఏంది సార్ గిది? పొద్దుగాల సంది ఊఁ ఊఁ అనుకుంట కూసున్నరు! బయట ప్రొడ్యూసర్ గడియారం దిక్కు చూసుడు షురూ చేసిండు. జర జల్దీ కానియ్యుండ్రి."

ఆయన వెనకే శేషారత్నం వచ్చింది. ఆవిడ మొహం ఎవరికీ తెలియదు గానీ గొంతు తెలియని ఇల్లు రాష్ట్రంలో లేదు. తెర మీద ఏ తల్లి కొడుకుని శపించినా, దీవించినా, పట్టాల మీద పడి పరిగెత్తినా, ఆ గొంతు సగం సార్లు శేషారత్నానిదే.

"ఊఁ కొట్టాలా? ఇంతేనా రావుగారూ? ఏ ఊఁ కావాలో చెప్పండి. కన్నతల్లి ఊఁనా, కోడలు కాఫీ తెచ్చినప్పుడు అత్తగారి ఊఁనా?"

"భార్య ఊఁ," అంది లీల. "మొగుడు చెప్పే కథ వందోసారి వింటున్న భార్య."

"ఓ, ట్రాజెడీయా," అని శేషారత్నం కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

ఆవిడ మనసు పెట్టే చేసింది. అదే చిక్కయింది. పడవ దిగబడితే ఆవిడ ఊఁలో నౌకే మునిగిపోయింది. పెళ్ళికొడుకు నీళ్ళలోకి దిగితే, ఇక తిరిగి రాడని తెలిసిన ఇల్లాలి గుండె పగిలింది. ప్రతి ఊఁ వెనకా వెక్కిళ్ళు. సూర్యప్రకాశరావు చెమట తుడుచుకుంటూ "కొంచెం తగ్గించండి" అంటే, తగ్గించిన ఊఁలో క్షయరోగం వినిపించింది.

"మేడమ్, చాయ్ తాగుతరా?" అన్నాడు వెంకటనర్సయ్య తలుపు దగ్గర్నించి.

"ఊఁ," అంది శేషారత్నం.

సూర్యప్రకాశరావు వేలు గాల్లో ఆగిపోయింది. యంత్రం ఇంకా నడుస్తూనే ఉంది. అది సిసలైన ఊఁ. ఇష్టమూ, అలసటా, అలవాటూ సమపాళ్ళలో ఉన్న, ఇల్లాలి ఊఁ. బయట ప్రొడ్యూసర్ తలుపు బాదుతున్నాడు. ఇంక టైము లేదు. ఆ ఒక్క ఊఁనే తీసుకుని, డిజిటల్ మహిమ వల్ల అరగకుండా తరగకుండా, కథ ఆగినచోటల్లా అతికించుకుంటూ పోయాడు.

చివర్లో ఒకచోట సుబ్బరామయ్యగారు ఎక్కువసేపు ఆగారు. "తెర తీశారు. ఈవిడ తలెత్తి నా బురద కాళ్ళ వంక చూసింది. ఏమనుకున్నావే అప్పుడు?" అన్నారు. కాసేపు ఏమీ లేదు. "వింటున్నావా?" అన్నారు. మళ్ళీ ఏమీ లేదు. "సరేలే" అని నవ్వి, తాళి దగ్గరికి వెళ్ళిపోయారు.

"ఇక్కడ కూడా పెట్టనా?" అన్నాడు సూర్యప్రకాశరావు.

"పెట్టండి. నాన్న అడిగారంటే అమ్మ ఊఁ అనే ఉంటుంది," అంది లీల. ఏటా విన్న కూతురు కదా, అంత ధీమాగా చెప్పగలిగింది.

మంగళవారం సాయంత్రం జగదాంబగారు ఆయనకి నచ్చిన లేత నీలం వెంకటగిరి చీర కట్టుకున్నారు. ఫొటోకి మల్లెదండ వేశారు. సేమ్యా పాయసం చేసి, పుష్పవల్లిని కూడా పిలిచారు. "మా ఆయన ఈ గదిలో కూర్చుని చెబుతున్నట్టే ఉంటుందిట. మా అల్లుడుగారు చేశారు," అని అప్పటికే ఆ వరసలో నాలుగిళ్ళకి చెప్పి వచ్చారు.

కేసెట్ తిరిగింది. సుబ్బరామయ్యగారు లాకులు దాటారు.

"ఊఁ," అంది కేసెట్.

జగదాంబగారు తల ఒక పక్కకి వంచారు. రెండో ఊఁకి ఆ తల ఇంకోపక్కకి వంగింది. మూడో ఊఁకి పాయసం గిన్నె కింద పెట్టేశారు.

"పిన్నిగారూ, ఈ గొంతు నేనెక్కడో విన్నానండీ!" అంది పుష్పవల్లి, సేమ్యా నములుతూ. "బాగా తెలిసిన గొంతే!"

బావమరిది కాలవలో పడ్డాడు. "ఊఁ." బావమరిదిని పైకి లాగారు. "ఊఁ." రెండూ ఒకటే ఊఁ. చాయ్ తాగుతరా అంటే అన్న ఊఁ. ఒకే అచ్చులో పోసిన సబ్బుబిళ్ళల్లా ఒకదాని వెనక ఒకటి వస్తుంటే, లీలకి ఆ గదిలోంచి నీళ్ళ ట్యాంకర్ దగ్గరికైనా పారిపోవాలనిపించింది.

"ఏమనుకున్నావే అప్పుడు?" అన్నారు సుబ్బరామయ్యగారు. "వింటున్నావా?"

"ఊఁ."

జగదాంబగారు లేచి వెళ్ళి మీట నొక్కేశారు. "ఎవరది?" అన్నారు.

ఊహూఁ అంటే సరిపోయేది. నిజం చెప్పినా సరిపోయేది. ఎప్పుడూ లేనిది ఆ రోజే సూర్యప్రకాశరావుకి ఇంట్లో కూడా వాక్యాలు వచ్చాయి. "ఇది ఆ కేసెట్ కాదు అత్తయ్యగారూ. మామయ్యగారి సామాన్లలో ఇలాంటిదే ఇంకోటుంది. పొరపాటున అది పెట్టాను." రెండ్రోజుల వ్యవధి సంపాదించాలన్నది ఆయన ఉద్దేశం.

"ఇలాంటిదే ఇంకోటుందా?"

"ఊఁ."

"ఆయన దస్తూరీతోనే?"

"ఊఁ."

"మీరిచ్చిన ఆ టేప్ రికార్డర్ నెల్లూరు బదిలీకి పట్టుకెళ్ళారు," అన్నారు జగదాంబగారు, ఎవరితోనూ కాదన్నట్టు. "రెండేళ్ళు ఒక్కరే ఉన్నారక్కడ."

పుష్పవల్లి చెంచా ఆగిపోయింది. "మగవాళ్ళు..." అని మొదలెట్టి, లీల చూపు చూసి పూర్తి చెయ్యకుండా లేచింది. మిగతా వాక్యం వీధిలో పూర్తి చేసుకుంది. చీకటి పడేలోపు ఆ వరస వరసంతా, కీర్తిశేషులు సుబ్బరామయ్యగారికి నెల్లూరులో ఎవరో ఉండేవారనీ, ఆవిడ అందరికీ తెలిసినావిడేననీ రూఢి అయిపోయింది.

సూర్యప్రకాశరావు కోపం స్విచ్చి లాంటిది. వేస్తే వెలుగుతుంది, తీస్తే ఆరుతుంది. జగదాంబగారిది అలా కాదు. అది మర తిప్పినట్టు, సన్న సెగ నుంచి మెల్లగా లేచింది. రాత్రి మజ్జిగ వద్దన్నారు. పొద్దున ఫొటోకి వాడిన దండ తీశారు గానీ కొత్తది వెయ్యలేదు. కాఫీ వేళకి ఫొటోనే గోడ వైపు తిరిగిపోయింది.

"లోకంలో కథలే దొరకలేదుటే ఆయనకి? నా పెళ్ళి కథే చెప్పాలా? నాకు జరిగిన పెళ్ళి! పైగా ఆవిడకి ఆ కథ అర్థమైతేగా? మా తమ్ముడు నీళ్ళలో పడితే ఊఁ, పైకి లేస్తే ఊఁ! మనిషేనా అది?"

"అమ్మా, అది కాదు..."

"అయినా ఆవిణ్ణి అనుకుని ఏం లాభం?" ఆవిడ గొంతు హఠాత్తుగా సన్నగా అయిపోయింది. "వింటున్నావా అని అడిగారు చూడు, అక్కడ ఠక్కున ఊఁ అంది. నేనేమో..." అని ఆగి, కొంగు విదిలించుకుని పెరట్లోకి వెళ్ళిపోయారు.

లీలకి ఆ సగం మాట అర్థం కాలేదు. కానీ ఇంక ఆగకూడదన్నది మాత్రం అర్థమైంది. థియేటర్‌కి ఫోన్ చేసి, "మీరొచ్చి నిజం చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అంది.

"ఊఁ," అన్నాడాయన. రెంటిలో దేనికో చెప్పకుండా పెట్టేశాడు.

ఆయన ఆలోచన ఆయనకుంది. మాటల మీద ఆయనకి మొదటినుంచీ నమ్మకం లేదు. అంతకంటే రుజువు తీసుకొచ్చి ఎదురుగా నిలబెడితే సరి. మధ్యాహ్నం స్కూటర్ వెనక శేషారత్నాన్ని ఎక్కించుకుని ఇంటి ముందు దిగాడు. దారిలో ఆవిడకి సంగతంతా చెప్పాడట. తన పద్ధతిలో చెప్పి ఉంటాడు.

శేషారత్నం గుమ్మం దాటుతూనే చెప్పులతో పాటు లోకాన్ని కూడా బయట వదిలేసి, జగదాంబగారి ముందు చేతులు జోడించి నిలబడింది. సినిమాలో ఆఖరి రీలుకి దాచుకునే గొంతు తీసింది. "అమ్మా! నన్ను క్షమించండి. మీవారు కథ చెబుతుంటే ఊఁ కొట్టింది... నేనే!"

జగదాంబగారు ఆవిణ్ణి కింది నుంచి పైకీ, పై నుంచి కిందికీ చూశారు. "నెల్లూరా?" అన్నారు.

"అవునమ్మా!" అంది శేషారత్నం, మొహం విప్పారి. "మూలాపేట. మీకెలా తెలుసు?"

పుష్పవల్లి ఇంటి కిటికీ రెక్క తెరుచుకున్న చప్పుడు వినిపించింది.

"అమ్మా!" అని అరిచింది లీల. "ఆవిడ ఊఁ అంది నాన్నతో కాదు, టీ కోసం!"

ఆ తర్వాత ముగ్గురూ ఒకేసారి నిజం చెప్పారు. నిజం ముగ్గురు ఒకేసారి చెబితే ఎలా ఉంటుందో అలాగే ఉంది గానీ, జగదాంబగారు మొత్తానికి ఏరుకున్నారు. రొద, తలుపు, చోటు లేని డిస్కు, చాయ్. అన్నీ విన్నాక లేచి వెళ్ళి ఫొటో ఇటు తిప్పారు. అద్దం తుడిచారు. "నిష్కారణంగా ఆడిపోసుకున్నానండీ మిమ్మల్ని. నాకున్న కాస్త పుణ్యం కూడా దక్కనివ్వరు వీళ్ళు," అన్నారు ఆయనతో. తర్వాత అల్లుడి వైపు తిరిగారు.

"మరి నా ఊఁలేవి నాయనా?"

"రొద అనుకుని తీసేశాను అత్తయ్యగారూ."

"తీసి ఎక్కడ పెట్టారు?"

"ఎక్కడా లేవు."

జగదాంబగారు కాసేపు చేతి గాజుని చూసుకున్నారు. "ఆయన చెప్పడం అందరూ మెచ్చుకునేవారు," అన్నారు చివరికి. "నేను చేసిందల్లా ఆ ఒక్కటేనే. ఊఁ అనడం." ఆ మాట లీల వైపు చూసి కూడా అనలేదు. చూసి అని ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

"ఒక్కచోట మాత్రం అనలేదు," అన్నారు మళ్ళీ. "ఏమనుకున్నావే అప్పుడు అని అడిగారు చూడు, అప్పుడు నేనక్కడ లేను. పాలు పొంగుతున్నాయని లోపలికి లేచిపోయా. తిరిగొచ్చేసరికి ఆయన తాళి కట్టేస్తున్నారు. తర్వాతెప్పుడూ మళ్ళీ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఏటా ఆ ఖాళీ దగ్గరికి వచ్చేసరికి, పావుశేరు పాలు పోతే పోయేవి కదా అనుకుంటూ ఉంటా."

ఏటా పక్కనే కూర్చుని విన్న కూతురు ఆ ఖాళీలో ఇంకొకరి ఊఁ అతికించమని చెప్పి వచ్చింది. లీల నేల వంక చూసింది. శేషారత్నం ముక్కు ఎగబీల్చింది. ఈసారి అందులో నటన లేదు కాబట్టి అసలు బాగాలేదు.

"అల్లుడుగారూ, ఈవిడ ఊఁలు తియ్యగలరా?"

"ఊఁ."

"ఆయన మాటకి దెబ్బ తగలకుండా?"

"ఊఁ."

"నావి మళ్ళీ పెట్టగలరా?"

"ఊహూఁ," అన్నాడు సూర్యప్రకాశరావు. ఆయన జీవితంలో అంత నెమ్మదిగా ఆ మాట ఎప్పుడూ అనలేదు.

"అయితే తీసెయ్యండి. ఖాళీగానే ఉంచండి."

శుక్రవారం సాయంత్రం మళ్ళీ కేసెట్ పెట్టారు. వంటింట్లో లీల పొయ్యి మీద పాలు పెట్టి వచ్చి కూర్చుంది. ఈసారి చీర మార్చుకోలేదు, పాయసం లేదు. పుష్పవల్లిని పిలవలేదు. అయినా వచ్చింది, శేషారత్నాన్ని సంతకం అడగడానికి. శేషారత్నం కూడా వచ్చి ఒక మూల బుద్ధిగా కూర్చుంది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

"పడవ దుగ్గిరాల లాకులు దాటిందో లేదో..." అని ఆగారు సుబ్బరామయ్యగారు.

"ఊఁ," అన్నారు జగదాంబగారు.

"గెడ దిగింది గానీ పైకి రాదే!"

"ఊఁ!"

ఆయన ఆగిన ప్రతిచోటా ఆవిడ ఉన్నారు. కేసెట్లో ఉండే ఊఁలు ఇవి కావు. ఈ గొంతు కాస్త బొంగురు పోయింది, పడవని ఇదివరకంత తేలిగ్గా తోయడం లేదు. తమ్ముడు నీళ్ళలో పడ్డచోట నవ్వు రాలేదు, ఆ తమ్ముడు పోయి రెండేళ్ళయింది. పాతవి ఇక ఎవరూ వినలేరు. సూర్యప్రకాశరావు చెయ్యి అలవాటు కొద్దీ, థియేటర్ నుంచి తెచ్చి పక్కన పెట్టుకున్న రెండో టేప్ రికార్డర్ వైపు, ఎర్ర మీట మీదికి వెళ్ళింది. "రికార్డ్ చెయ్యనా?" అన్నాడు లీల చెవిలో.

"ఊహూఁ," అంది లీల.

"తెర తీశారు. ఈవిడ తలెత్తి నా బురద కాళ్ళ వంక చూసింది. ఏమనుకున్నావే అప్పుడు?"

వంటింట్లోంచి పాలు కాగుతున్న వాసన వచ్చింది. జగదాంబగారి మోకాలు అలవాటుగా కదిలింది. ఆవిడ చేత్తో దాన్ని నొక్కిపట్టుకున్నారు.

"కాళ్ళు కడుక్కోకుండా పీటల మీదికి వచ్చేశారేమిటీ మనిషి అనుకున్నా," అన్నారు. ఆగి, "ఆ తర్వాత, నా కోసమే కదా దిగారు అనుకున్నా."

"వింటున్నావా?"

"వింటున్నానండీ. ఇక్కడే ఉన్నాను."

"సరేలే," అని నవ్వారు సుబ్బరామయ్యగారు.

పాలు పొంగి పొయ్యి మీద పడ్డ చప్పుడు అందరికీ వినిపించింది. ఎవరూ లేవలేదు. కథ తాళి దాటి, అప్పగింతలు దాటి, కేసెట్ టప్పుమని ఆగేదాకా అలాగే కూర్చున్నారు.

ఆ పొయ్యి శుభ్రం చేసే పని సూర్యప్రకాశరావు తనంతట తనే మీద వేసుకున్నాడు. రెండుసార్లు తోమాడు, ఈసారి మాత్రం ఒక్క మరకా పోలేదు.